జర్మనీ రాజ్యాంగం అంతా చదివా, అయినా అక్కడి ప్రభుత్వం ఎలా నడుస్తుందో అర్థం కావట్లేదు – ఒక దేశాన్ని ఎలా చదవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎంఏ పొలిటికల్ సైన్స్ ప్రాజెక్ట్‌కి జర్మనీ తీసుకున్నారు, వాళ్ళ రాజ్యాంగం ఇంగ్లీష్ అనువాదంలో ఆర్టికల్ 146 దాకా చదివి నోట్స్ కూడా రాసుకున్నారు, అయినా 2025 మేలో ఫ్రెడ్రిక్ మెర్జ్ ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) అయిన రోజు వార్తలు చదివితే అసలు ఏం జరిగిందో అంతుపట్టలేదు. పైగా సిలబస్‌లో ఉన్న పొలిటికల్ కల్చర్ చాప్టర్ చూస్తే పొద్దుపోని కబుర్లలా ఉంది, పౌరసత్వం చాప్టర్ చూస్తే వీసా రూల్స్ పుస్తకంలా ఉంది, ఈ మూడిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఏంటి అని.

నేను కంపారిటివ్ పాలిటిక్స్ 20 ఏళ్ళకి పైగా పాఠం చెప్పాను. మీకొచ్చిన ఇబ్బంది బాగా చదివేవాళ్ళకే వస్తుంది, చదవనివాళ్ళకి అసలు ఈ ప్రశ్నే రాదు. నా జవాబు ఒక్కటే: దేశాన్ని చాప్టర్ల వారీగా చదవకండి, ఆ వ్యవస్థ ఇరుకున పడ్డ ఒక రోజుని పట్టుకుని చదవండి. అంతా సాఫీగా నడుస్తున్న రోజున ఏది చట్టమో, ఏది అలవాటో, ఏది జనం భయమో విడివిడిగా కనపడవు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇరుకున పడ్డ రోజున ఒక్కొక్కటీ విడిపోయి బయటికొస్తాయి.

ముందు ఒక మాట, ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మనం ప్రభుత్వం అనే ఒక్క మాటని అన్నిటికీ వాడేస్తాం. మంత్రివర్గమూ ప్రభుత్వమే, పోలీసూ ప్రభుత్వమే, కోర్టూ ప్రభుత్వమే, రేషన్ కార్డు ఇచ్చే ఆఫీసూ ప్రభుత్వమే. స్టేట్ అంటే మనకి రాష్ట్రం గుర్తొస్తుంది గానీ రాజ్యం గుర్తురాదు. కానీ మీ సబ్జెక్టులో రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు, ప్రభుత్వాలు పడిపోతుంటాయి, రాజ్యం ఉంటుంది. నోట్స్‌లో ఈ రెండు మాటలూ ఎక్కడ ఏది వాడుతున్నారో ఒకసారి చూసుకోండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. అలాగే ప్రజ, పౌరుడు అనే మాటలు, వాటి సంగతికి కింద వస్తా.

ఇప్పుడు అసలు విషయం. మీ నోట్స్‌లో ఆర్టికల్ 67 ఉండే ఉంటుంది. ఛాన్సలర్‌ని దించాలంటే పార్లమెంటు, అంటే బుండెస్టాగ్, ఆయన బదులు ఇంకొకర్ని మెజారిటీతో ఎన్నుకోవాలి, ఉత్తినే "నువ్వు దిగిపో" అంటే కుదరదు, ఇదే నిర్మాణాత్మక అవిశ్వాసం. పరీక్షలో దీన్ని అక్షరం పొల్లుపోకుండా రాసిన స్టూడెంట్ ఒకరిని వైవాలో నేను "ఈ ఆర్టికల్ రాసినవాళ్ళు ఎవరిని చూసి భయపడి రాశారు?" అని అడిగితే జవాబు రాలేదు. రాజ్యాంగాన్ని చదివేటప్పుడు ప్రతి ఆర్టికల్‌కీ వేయాల్సిన ప్రశ్న అదే అని నా నమ్మకం.

వాళ్ళు భయపడింది 1932 సెప్టెంబర్ 12 లాంటి రోజు మళ్ళీ వస్తుందేమో అని. ఆ రోజు బెర్లిన్‌లో రైక్‌స్టాగ్, అంటే అప్పటి పార్లమెంటు, సమావేశం, ఛాన్సలర్ ఫాన్ పాపెన్, సభాధ్యక్షుడి కుర్చీలో నాజీ పార్టీకి చెందిన గోరింగ్. కమ్యూనిస్టులు అవిశ్వాసం పెట్టారు. పాపెన్ సభని రద్దు చేసే ఉత్తర్వు తెప్పించుకుని మాట్లాడటానికి చెయ్యెత్తితే గోరింగ్ అటు చూడనట్టే ఊరుకుని ఓటింగ్ నడిపించేశాడు, పాపెన్ ఆ కాగితాన్ని ఆయన బల్ల మీద పెట్టి బయటికెళ్ళిపోయాడు. ఓట్లు చూస్తే ఆయనకి వ్యతిరేకంగా 512, అనుకూలంగా 42. ఇప్పుడు ఆ 512 మంది ఎవరో చూడండి: నాజీలు, కమ్యూనిస్టులు, మధ్యలో ఇంకొందరు. ఆ సభలో మొత్తం 608 సీట్లుంటే నాజీలవి 230, కమ్యూనిస్టులవి 89, ఈ రెండు పార్టీలే కలిపి సగం దాటిపోయాయి, వీళ్ళిద్దరూ రోడ్ల మీద ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని చంపుకునేవాళ్ళు. పడగొట్టడానికి చేతులు కలిశాయి గానీ నిలబెట్టడానికి కలవ్వు. హిట్లర్ రాకముందు జర్మనీలో నడిచిన ఆ వైమార్ రిపబ్లిక్ 14 ఏళ్ళలో ఇంచుమించు 20 కేబినెట్లు మారాయి, చివరి మూడేళ్ళూ ఆర్టికల్ 48 కింద అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులతో నెట్టుకొచ్చారు, 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

1949లో బాన్ నగరంలో కూర్చుని గ్రుండ్‌గెజెట్స్, అంటే మూల చట్టం, రాసినవాళ్ళలో చాలామందికి ఇది పుస్తకాల్లో చదివిన చరిత్ర కాదు, కళ్ళారా చూసింది, కొందరు జైల్లో ఉండి వచ్చినవాళ్ళు. దానికి రాజ్యాంగం అనే పేరు కూడా పెట్టలేదు, దేశం రెండు ముక్కలుగా ఉంది కాబట్టి కలిశాక అసలుది రాసుకుందాం అనుకున్నారు, 1990లో కలిశాక కూడా దాన్నే ఉంచేసుకున్నారు. ఈ నేపథ్యం తెలిశాక ఆర్టికల్ 67 మళ్ళీ చదవండి, వేరేగా వినిపిస్తుంది.

ఇది మనకి ఇంకా బాగా అర్థం కావాలంటే మన దేశం పక్కన పెట్టి చూడాలి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టిన 270 మందీ కలిసి ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టలేకపోయారు, 272 మంది ఉన్నారని చెప్పినా లెక్క కుదరలేదు, చివరికి సెప్టెంబర్–అక్టోబర్‌లో మళ్ళీ ఎన్నికలు, ఈ మధ్యలో కార్గిల్ యుద్ధం మొత్తం ఆపద్ధర్మ ప్రభుత్వం కిందే జరిగింది. అదే రూల్ జర్మనీది అయ్యుంటే ఆ ఒక్క ఓటుతో ఆయన దిగేవాడు కాదు, బదులు మనిషి పేరు పెట్టమని అడిగేది ఆ చట్టం. అలాగని జర్మనీ పద్ధతే మేలు అని నేను అనట్లేదు, మెజారిటీ పోయిన మనిషి కుర్చీలో కూర్చునే అవకాశం కూడా అందులో ఉంది. ఒక్క రూల్ తేడా వల్ల ఒకే పరిస్థితి రెండు దేశాల్లో రెండు రకాలుగా తిరుగుతుంది, కంపారిజన్ అంటే నా దృష్టిలో ఇదే, రెండు దేశాల లక్షణాలు పక్కపక్కన రెండు కాలమ్స్‌లో రాయడం కాదు.

ఈ ఆర్టికల్‌ని 1949 నుంచి ఇప్పటిదాకా రెండుసార్లే వాడారు. 1972 ఏప్రిల్‌లో విల్లీ బ్రాంట్‌ని దించబోతే 249 కావాల్సిన చోట 247 వచ్చాయి, ఆయన బతికిపోయాడు, అందరూ గెలుపు ఖాయం అనుకున్న ఓటింగ్ అది, మరుసటి ఏడాది ఒక ఎంపీ తనకి 50,000 మార్కులు ముట్టాయని చెప్పాడు. 1982 అక్టోబర్ 1న మాత్రం హెల్మూట్ ష్మిట్‌ని దించి హెల్మూట్ కోల్‌ని ఎన్నుకున్నారు, చిన్న పార్టీ ఎఫ్‌డీపీ వైపు మారడం వల్ల. ఇక్కడే ఒక విచిత్రం. కోల్ చట్టం ప్రకారం ఛాన్సలర్ అయిపోయాడు, ఇంకేం కావాలి? కానీ ఎన్నికలు లేకుండా జనం ఓటు అడగకుండా వచ్చాడు అనే మాట దేశమంతా వినపడింది. దాంతో ఆయన ఆర్టికల్ 68 కింద విశ్వాస తీర్మానం పెట్టి, సొంత పార్టీవాళ్ళనే ఓటేయొద్దని చెప్పి కావాలని ఓడిపోయి, సభ రద్దు చేయించి 1983 మార్చిలో ఎన్నికలకి వెళ్ళి గెలిచాడు. ఇది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని కేసు పడితే కోర్టు కొన్ని షరతులు చెప్పి ఒప్పుకుంది. అంటే చట్టం సరిపోయింది గానీ జనం మనసులో ఉన్న న్యాయానికి సరిపోలేదు, ఆ రెండిటి మధ్య ఖాళీని ఒక మనిషి కావాలని ఓడిపోయి పూడ్చుకున్నాడు. పొలిటికల్ కల్చర్ అంటే ఏంటని అడిగారు కదా, నేనైతే ఈ ఖాళీ దగ్గర మొదలుపెడతా.

ఈ వెలుగులో మీకు అంతుపట్టని 2024–25 చూద్దాం. 2024 నవంబర్ 6న ఛాన్సలర్ షోల్జ్ బడ్జెట్ గొడవలో ఆర్థిక మంత్రి లిండ్నర్‌ని తీసేశాడు, ఎఫ్‌డీపీ బయటికెళ్ళిపోయింది, మెజారిటీ పోయింది. అయినా ప్రభుత్వం పడిపోలేదు ఎందుకని? ప్రతిపక్షం దగ్గర ఇంకో ఛాన్సలర్‌కి సరిపడా ఓట్లు లేవు, తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ ఓట్లు కలిపితే లెక్క పెరిగేదేమో గానీ వాళ్ళతో కలవకూడదని మిగతా పార్టీలన్నీ పెట్టుకున్న కట్టుబాటు ఉంది, దాన్ని వాళ్ళు బ్రాండ్‌మావర్ అంటారు, మంటలు అవతలికి పాకకుండా కట్టే గోడ. ఈ గోడ ఏ ఆర్టికల్‌లోనూ లేదు. షోల్జ్ డిసెంబర్ 16న విశ్వాస తీర్మానం ఓడిపోయాడు, 207 అనుకూలం, 394 వ్యతిరేకం, 116 మంది తటస్థం. అధ్యక్షుడు 27న సభ రద్దు చేశాడు, 60 రోజుల్లోపు అన్న రూల్ ప్రకారం ఫిబ్రవరి 23న ఎన్నికలు. ఈలోగా జనవరి 29న ప్రతిపక్ష సీడీయూ నేత మెర్జ్ వలసల మీద పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో 348–345తో నెగ్గింది. అది చట్టం కూడా కాదు, ఒట్టి తీర్మానం, చట్టపరంగా ఎవరూ ఏ తప్పూ చేయలేదు, అయినా వేలల్లో కాదు లక్షల్లో జనం రోడ్ల మీదకొచ్చారు, బెర్లిన్‌లో ఒక్క ప్రదర్శనకే పోలీసుల లెక్కన లక్షన్నర దాటింది. రాయని రూల్ ఉందని మనకెలా తెలుస్తుంది అని స్టూడెంట్స్ అడుగుతుంటారు, అది తెగినప్పుడు వచ్చే చప్పుడుని బట్టే తెలుస్తుంది.

మే 6 సంగతి ఇక సులువు. ఛాన్సలర్ ఎన్నిక ఆర్టికల్ 63 ప్రకారం, రహస్య ఓటింగ్, 316 కావాలి, మెర్జ్ కూటమికి 328 మంది ఉన్నారు, మెర్జ్‌కి వచ్చినవి 310. మొదటి రౌండ్‌లో ఛాన్సలర్ అభ్యర్థి ఓడిపోవడం 1949 తర్వాత అదే మొదటిసారి. రెండో రౌండ్‌కి 14 రోజుల గడువుంది, కానీ అదే రోజు పెట్టాలంటే సభ నిబంధనల్లో గడువు తగ్గించడానికి మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, దానికి ప్రతిపక్షంలో ఉన్న గ్రీన్స్, లెఫ్ట్ పార్టీలు కూడా సరేనన్నాయి, సాయంత్రం 325తో గెలిచాడు. తనని ఛాన్సలర్‌గా కోరుకోని పార్టీలు కూడా దేశాన్ని రోజుల తరబడి గాల్లో ఉంచడానికి ఇష్టపడలేదు. మళ్ళీ 1932 నీడే అది.

ఇంకో రోజు మాత్రం మీరు తప్పకుండా చదవాలి, నేను క్లాసులో ఎప్పుడూ వదలని రోజు, 2002 మార్చి 22, బుండెస్రాట్. దాన్ని చాలామంది మన రాజ్యసభ అనుకుంటారు, కాదు. అక్కడ కూర్చునేది రాష్ట్ర ప్రభుత్వాలే, ముఖ్యమంత్రులు, మంత్రులు. మొత్తం 69 ఓట్లు, రాష్ట్రాన్ని బట్టి 3 నుంచి 6, ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకేలా పడాలని ఆర్టికల్ 51 చెప్తుంది. మీరు ఈ లైన్ చదివి టిక్ పెట్టేసి ఉంటారు. ఆ రోజు వలసల చట్టం మీద ఓటింగ్, నెగ్గాలంటే 35 కావాలి, 31 ఉన్నాయి, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రానివి 4 ఉన్నాయి. ఆ రాష్ట్రంలో సంకీర్ణం, ముఖ్యమంత్రి స్టోల్పె ఎస్‌పీడీ, అంటే అప్పుడు కేంద్రంలో ఉన్న పార్టీ, హోంమంత్రి షోన్‌బోమ్ సీడీయూ, అంటే కేంద్రంలో ప్రతిపక్షం. పేరు పిలవగానే ఒక మంత్రి అవును అన్నాడు, షోన్‌బోమ్ కాదు అన్నాడు. అధ్యక్షత వహిస్తున్న వోవెరైట్ ఓటు ఒకేలా లేదని చెప్పి, ముఖ్యమంత్రిని విడిగా అడిగాడు, ఆయన అవును అన్నాడు, షోన్‌బోమ్ "అధ్యక్షా, నా అభిప్రాయం మీకు తెలుసు" అన్నాడు. వోవెరైట్ దాన్ని అవును కింద రాయించేశాడు. సభ గోల గోల, హెస్సె ముఖ్యమంత్రి రోలాండ్ కోఖ్ బల్ల గుద్దుతూ కేకలు. రెండు రోజుల తర్వాత సీడీయూకే చెందిన ఇంకో ముఖ్యమంత్రి, ఆ ఆగ్రహం ముందురోజు రాత్రే మాట్లాడుకుని పెట్టుకున్నదని బహిరంగంగా ఒప్పుకున్నాడు. డిసెంబర్ 18న రాజ్యాంగ న్యాయస్థానం, ఒక రాష్ట్రం ఓటు చీలితే ఆ ఓటు లేనట్టే, ముఖ్యమంత్రి అయినంత మాత్రాన సభలో మిగతా సభ్యుడి మాట కొట్టేయలేడు అని చెప్పి చట్టాన్నే కొట్టేసింది. ఒక్క ఉదయంలో ఫెడరలిజం ఉంది, సంకీర్ణ రాజకీయం ఉంది, సభాధ్యక్షుడి అధికారం ఎంతవరకో ఉంది, నటన ఉంది, కోర్టు ఉంది. పది చాప్టర్ల పెట్టు.

ఆ కోర్టు ఉండేది కార్ల్స్‌రూహ అనే ఊళ్ళో, రాజధానికి దూరంగా. 16 మంది జడ్జీలు, 12 ఏళ్ళ పదవి, సగం మందిని బుండెస్టాగ్, సగం మందిని బుండెస్రాట్ మూడింట రెండొంతుల మెజారిటీతో ఎన్నుకోవాలి, అంటే ఏ పార్టీ ఒక్కటే తన మనిషిని పెట్టుకోలేదు. తన ప్రాథమిక హక్కుకి భంగం కలిగిందనుకున్న ఎవరైనా ఫీజు లేకుండా అక్కడికి ఫిర్యాదు పంపొచ్చు, గెలిచేవి చాలా తక్కువ అయినా పంపుతూనే ఉంటారు. ఆఫీసులో ఎవరైనా అన్యాయం చేస్తే "కార్ల్స్‌రూహ దాకా వెళ్తా" అనడం అక్కడ మామూలు మాట. మనవాళ్ళు "సుప్రీంకోర్టు దాకా వెళ్తా" అంటారు చూడండి, అలా. నేను పొలిటికల్ కల్చర్ వెతికేది ఇలాంటి నోటి మాటల్లోనే, మనిషి కోపంలో ఎవరి పేరు చెప్పి బెదిరిస్తాడో వాళ్ళ మీద అతనికి నమ్మకం ఉన్నట్టు. ఒక దేశంలో కోర్టు పేరు చెప్తారు, ఇంకో దేశంలో మంత్రి పేరు చెప్తారు.

మన రాజ్యాంగానికీ అక్కడికీ ఒక దారం ఉంది, చాలామందికి తెలీదు. ఆర్టికల్ 79 వాళ్ళ రాజ్యాంగంలో కొన్ని మూలాల్ని ఎంత మెజారిటీ ఉన్నా మార్చకూడదంటుంది. డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఇదే విషయం మీద ఉపన్యాసం ఇచ్చాడు, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని చెప్పిన 1973 కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా ఆయన్ని ఉటంకించారు.

పొలిటికల్ కల్చర్ గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ చాప్టర్‌లో స్టూడెంట్స్ ఎక్కువగా పడిపోయే గొయ్యి "వాళ్ళు అలాంటోళ్ళు, అందుకే అలా" అనే వివరణ. జర్మన్లు క్రమశిక్షణ ఉన్నోళ్ళు కాబట్టి ప్రజాస్వామ్యం బాగుంది అని రాస్తారు, అదే క్రమశిక్షణ 1933లో ఏమైంది అంటే జవాబుండదు. ఈ సబ్జెక్ట్‌కి పునాది అనుకునే స్టడీ ఆల్మండ్, వెర్బా అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు 1963లో ప్రచురించింది, అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికో ఐదు దేశాల్లో సర్వే. మీ దేశంలో దేన్ని చూసి గర్వపడతారు అంటే అమెరికాలో 85 శాతం మంది తమ ప్రభుత్వ వ్యవస్థల పేరు చెప్పారు, జర్మనీలో 7 శాతం. సర్వే చేసేనాటికి గ్రుండ్‌గెజెట్స్‌కి పదేళ్ళు. కాగితం మీద అంత గట్టి రాజ్యాంగం, జనానికి దాని మీద ఏ మమకారమూ లేదు. 1979లో, ముప్పై ఏళ్ళు నిండినప్పుడు, డోల్ఫ్ స్టెర్న్‌బెర్గర్ రాజ్యాంగ దేశభక్తి అనే మాట వాడాడు, జాతిని కాదు రాజ్యాంగాన్ని చూసి గర్వపడటం అని, దాని మీద దేశంలో పెద్ద చర్చే నడిచింది. మధ్యలో ఏం జరిగింది? ఆర్థికంగా కోలుకున్నారు, 1969 లాంటి అధికార మార్పిళ్ళు ఏ గొడవా లేకుండా జరిగాయి, 1968లో పిల్లలు తల్లిదండ్రుల్ని "మీరు అప్పుడేం చేశారు" అని నిలదీశారు, బడుల్లో పౌర విద్య మారింది. కల్చర్ అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదు, అనుభవంతో పేరుకుంటుంది, తరుగుతుంది కూడా.

ఆ బడుల సంగతి టీచర్‌గా నాకు చాలా ఇష్టమైంది కాబట్టి రెండు ముక్కలు. 1976లో బాయ్‌టెల్స్‌బాఖ్ అనే చోట పౌర విద్య చెప్పేవాళ్ళు సమావేశమైతే మూడు మాటలు నిలిచాయి: టీచర్ తన అభిప్రాయంతో పిల్లల్ని ముంచెత్తకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నది క్లాసులో కూడా వివాదంగానే చూపించాలి, పిల్లలు తమ ప్రయోజనం ఏంటో తామే తేల్చుకునేలా తయారుచేయాలి. ఇది చట్టం కాదు, అయినా అక్కడి టీచర్లు ఇప్పటికీ దాన్ని పట్టించుకుంటారు, దాని మీద తగువులాడుకుంటారు. ఒక దేశం తన పిల్లలకి రాజ్యం గురించి ఎలా చెప్తుందో చూస్తే ఆ దేశానికి తన మీద తనకి ఉన్న భయాలన్నీ కనపడతాయి.

ఇక పౌరసత్వం. పైన ప్రజ, పౌరుడు అన్నాను కదా. ప్రజ అంటే సంస్కృతంలో సంతానం, రాజు కింద ఉండేవాళ్ళు కూడా ప్రజలే, పౌరుడు అంటే పురంలో ఉండేవాడు, పురం సంగతుల్లో భాగం ఉన్నవాడు. జర్మన్‌లో కూడా ఇలా రెండు మాటలున్నాయి, ఒకటి రాజ్యానికి చెందడం, రెండోది రాజ్య పౌరుడు కావడం. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు సరిగ్గా ఈ రెండిటినీ విడదీసి, యూదుల్ని రాజ్యానికి చెందినవాళ్ళుగా ఉంచి పౌరులుగా లేకుండా చేశాయి, 1941లో దేశం బయట ఉన్న యూదులకి ఆ మొదటిది కూడా తీసేశారు. ఒక మాటకి ఇంకో మాటకి మధ్య ఉన్న సందులోంచి ఎంత ఘోరం దూరిందో చూడండి. అందుకే ఆర్టికల్ 116లో నాజీలు పౌరసత్వం లాగేసుకున్నవాళ్ళకి, వాళ్ళ వారసులకి అడిగితే తిరిగివ్వాలని రాశారు. అది వీసా ఆఫీసు రూల్‌లా చదవకండి.

కానీ మిగతా పునాది 1913 చట్టమే, రక్తం ద్వారా పౌరసత్వం. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని పిలిపించుకున్నారు, వాళ్ళకి పెట్టిన పేరే అతిథి కార్మికులు, అతిథి అంటే వెళ్ళిపోవాలి కదా, వెళ్ళలేదు, పిల్లలు పుట్టారు, అక్కడే బడికెళ్ళారు, పన్నులు కట్టారు, అయినా విదేశీయులే. అదే సమయంలో తరాల క్రితం రష్యా వైపు వెళ్ళిపోయిన జర్మన్ల వారసులు కజకిస్తాన్ నుంచి వస్తే, జర్మన్ సరిగా రాకపోయినా పౌరసత్వం ఇచ్చారు. 1989లో రెండు రాష్ట్రాలు విదేశీయులకి స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వబోతే 1990 అక్టోబర్ 31న కార్ల్స్‌రూహ కుదరదంది, ఆర్టికల్ 20లో అధికారం ప్రజలది అంటే జర్మన్ ప్రజలది అని, అయితే ఈ తేడా పోగొట్టాలంటే పౌరసత్వ చట్టంలో దారి సులువు చేసుకోవచ్చని కూడా సూచించింది. ఓటు, పౌరసత్వం ఎప్పుడూ కలిసే ఉంటాయని మాత్రం అనుకోకండి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటేయొచ్చు, ప్యూర్టోరికోలో ఉండేవాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు, అక్కడ ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటేయలేరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి, ఈ మూడు చాప్టర్లకీ సంబంధం ఏంటన్నదానికి వస్తున్నా. 1998లో వచ్చిన ఎస్‌పీడీ–గ్రీన్స్ ప్రభుత్వం 1913 చట్టం మార్చి ద్వంద్వ పౌరసత్వం ఇద్దామనుకుంది. సీడీయూ దానికి వ్యతిరేకంగా దేశమంతా సంతకాల ఉద్యమం పెట్టింది, లక్షల మంది బజార్లలో పెట్టిన టేబుళ్ళ దగ్గరకొచ్చి సంతకాలు చేశారు. ఆ వేడిలో 1999 ఫిబ్రవరి 7న హెస్సె రాష్ట్రం ఎన్నికలు, అందరి అంచనాలూ తలకిందులై సీడీయూ గెలిచింది, ముఖ్యమంత్రి అయింది రోలాండ్ కోఖ్, పైన బుండెస్రాట్‌లో బల్ల గుద్దిన ఆయనే. హెస్సె ప్రభుత్వం మారింది కాబట్టి బుండెస్రాట్‌లో హెస్సె ఓట్లూ మారాయి, కేంద్రానికి అక్కడ మెజారిటీ పోయింది, బిల్లు రాజీ పడాల్సి వచ్చింది. ఆ రాజీ ప్రకారం 2000 జనవరి 1 నుంచి, తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్ళుగా చట్టబద్ధంగా ఉంటే అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం, కానీ పెద్దయ్యాక 23 ఏళ్ళలోపు ఏదో ఒక దేశం ఎంచుకోవాలి. 2014లో ఆ ఎంచుకునే బాధ చాలావరకు తీసేశారు, 2024 జూన్ 27 నుంచి ద్వంద్వ పౌరసత్వం అందరికీ ఒప్పుకున్నారు, ఎనిమిదేళ్ళు ఐదయ్యాయి. ఒక రాష్ట్రం ఎన్నిక, పై సభ ఓట్ల నిర్మాణం, జర్మన్ అంటే ఎవరు అనే దాని మీద జనంలో ఉన్న భావం, ఇవి మూడూ కలిసి ఒక పిల్లాడి పాస్‌పోర్ట్‌ని పాతికేళ్ళు నిర్ణయించాయి.

నా సలహా, మీ ప్రాజెక్ట్ మొత్తం ఈ ఒక్క కథ మీదే పెట్టుకోండి, 1999 నుంచి 2024. జర్మన్ భాష రాకపోయినా ఫర్వాలేదు, రాజ్యాంగం ఇంగ్లీష్ పాఠం ఉంది, బుండెస్టాగ్, బుండెస్రాట్ సమావేశాల అక్షరాలా రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, అనువాద టూల్స్‌తో అర్థమవుతాయి, ముఖ్యమైన పదాల దగ్గర మాత్రం డిక్షనరీ తెరిచి చూడండి, రాజ్యం ప్రభుత్వం లాంటి తేడాల్ని ఆ టూల్స్ కలిపేస్తాయి. పౌరసత్వ పరీక్ష ప్రశ్నలు కూడా చూడండి, 2008 నుంచి ఉంది, 33 ప్రశ్నలకి 17 సరిగ్గా చెప్పాలి, ప్రశ్నలన్నీ ముందే బయటపెట్టారు. జవాబులు బట్టీ పట్టకుండా, కొత్తగా చేరేవాడికి ఇదే తెలియాలని ఆ రాజ్యం ఎందుకనుకుంది, ఏది అడగకుండా వదిలేసింది అని ఒక్కో ప్రశ్న పక్కన రాసుకోండి.

రాజ్యాంగం నోట్స్ ఈ వారం పక్కన పెట్టేయండి. ముందు 2002 మార్చి 22 రికార్డులో బ్రాండెన్‌బుర్గ్ పేరు పిలిచిన పేజీ తీసి, ఎవరు ఏమన్నారో వరుసగా ఒక కాగితం మీద రాసి, వోవెరైట్ స్థానంలో మీరుంటే ఏం ప్రకటించేవారో, ఎందుకో రాయండి. అది రాశాక ఆర్టికల్ 51 తెరవండి, ఆ తర్వాతే డిసెంబర్ తీర్పు చదవండి, ఈ వరుస మాత్రం మార్చకండి. ఎక్కడైనా ఆగిపోతే మీరు రాసిన ఆ కాగితంతో సహా అడగండి, చూసి చెప్తాను.